అమ్మ ఖాతాలో మినిమం బ్యాలెన్స్ పేరుతో కోసిన డబ్బు వెనక్కి రావాలంటే ఎక్కడికి వెళ్లాలి?

కృష్ణలంక_అమ్మాయి (విజయవాడ)

అందరికీ నమస్కారం. మా అమ్మ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపులో పనిచేసేది. జీతం వేయడానికి షాపు వాళ్లే ఒక ప్రైవేటు బ్యాంకులో ఖాతా తెరిపించారు. మోకాళ్ల నొప్పులతో పని మానేశాక ఆ ఖాతాలో 642 రూపాయలు మిగిలాయి. తర్వాత అందులో వేసిందీ లేదు, తీసిందీ లేదు. ఇప్పుడు ఆపరేషన్‌కి అడ్వాన్స్ కట్టాలని తమ్ముడు హైదరాబాద్ నుంచి అదే ఖాతాకి 20,000 పంపాడు. ఏటీఎంలో చూస్తే 17,102 ఉంది.

స్టేట్‌మెంట్ తీయించాను. మూడు నెలలకోసారి 300, దాని మీద జీఎస్టీ 54, మొత్తం 354 చొప్పున పదిసార్లు కోశారు. రెండో కోతకే ఖాతా మైనస్ 66 అయింది. అక్కడితో ఆగలేదు, మైనస్‌లోనే పెంచుకుంటూ పోయి 2,898కి తెచ్చారు. తమ్ముడి డబ్బు పడగానే ఆ 2,898 అందులో కలిసిపోయింది.

బ్రాంచిలో అడిగితే, "జీతం ఆగిపోతే అది మామూలు సేవింగ్స్ అయిపోతుందమ్మా, 3,000 ఉంచాలి. సిస్టమే కట్ చేస్తుంది, మా చేతుల్లో ఏం లేదు" అన్నారు. ఇది న్యాయమేనా? కోర్టుకి వెళ్తే వస్తుందా? మాకు 3,500 చిన్న మొత్తం కాదు.

పటమట_వాసి

అక్కా, 3,500 కోసం కోర్టు అంటే వకీలు ఫీజే అంతకు మూడింతలు అవుతుంది. వాయిదాల చుట్టూ తిరగలేరు. ఆ ఖాతా మూసేసి ప్రశాంతంగా ఉండండి. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే సేవింగ్స్ ఖాతాలకి ఈ జరిమానా ఎత్తేసింది. 2025లో కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకు కూడా తీసేశాయి. అలాంటి చోటికి మార్చుకుంటే గొడవే ఉండదు.

రిటైర్డ్_క్యాషియర్ (గుంటూరు)

అమ్మా, ఖాతా ఇప్పుడే మూసేయొద్దు. మూసేటప్పుడు పెట్టే సంతకాల కాగితంలో "నాకు ఎలాంటి బకాయి లేదు" అనే వాక్యం ఉంటే రేపు దాన్నే మీకు అడ్డం పెడతారు. ముందు కాగితం మీద పోరాటం తేల్చుకోండి.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా కౌంటర్‌లో కూర్చున్నవాణ్ణి. "సిస్టమే కట్ చేస్తుంది" అన్న మాట వింటే నాకు మనసు కలుక్కుమంటుంది. సిస్టమ్‌కి ఆ లెక్క నేర్పింది బ్యాంకే కదా.

రిజర్వ్ బ్యాంకు 2014 నవంబరు 20న దీని మీద ఒక సర్క్యులర్ ఇచ్చింది, 2015 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఇందులో మీకు కావాల్సినవన్నీ ఉన్నాయి. బ్యాలెన్స్ తగ్గిందని ముందు ఖాతాదారుకి మెసేజ్ గానీ, మెయిల్ గానీ, ఉత్తరం గానీ పంపాలి. సరిచేసుకోవడానికి కనీసం నెల గడువు ఇవ్వాలి. ఆ తర్వాత వేసే జరిమానా ఎంత తగ్గిందో దాని మీద శాతంగా ఉండాలి, అందరికీ ఒకే మొత్తం వేయకూడదు. అన్నిటికంటే పెద్దది, కేవలం ఈ జరిమానా వల్ల సేవింగ్స్ ఖాతా మైనస్‌లోకి వెళ్లకూడదు.

మీ స్టేట్‌మెంట్‌లో మైనస్ 66 అన్న గీత ఉంది చూశారా, మీ కేసంతా ఆ ఒక్క గీతలో ఉంది. అక్కడి నుంచి కోసిన ప్రతి పైసా ఈ నియమానికి విరుద్ధం.

ఇంకోటి. ఖాతాదారు తన చేత్తో చేసిన లావాదేవీ రెండేళ్ల పాటు లేకపోతే ఖాతా ఇనాపరేటివ్ అవుతుంది. బ్యాంకు తనంతట తాను వేసుకున్న చార్జీలు ఇందులో లెక్కకి రావు. ఇనాపరేటివ్ ఖాతాకి మినిమం బ్యాలెన్స్ జరిమానా వేయకూడదని 2014 నుంచే ఉంది. మూడు నెలలకోసారి పది కోతలంటే రెండున్నరేళ్లు. కాబట్టి చివరి రెండు కోతలకి ఈ కారణం కూడా తోడవుతుంది.

కృష్ణలంక_అమ్మాయి

మాస్టారూ, మీకు దండాలు. మెసేజ్‌లు పంపాలి అన్నారుగా, అమ్మ నంబరు మారలేదు. ఆవిడది ఇప్పటికీ బటన్ ఫోనే, మెసేజ్‌లు తీసేయడం కూడా రాదు. ఇన్‌బాక్స్ మొత్తం వెనక్కి వెళ్లి చూశాను. ఆ బ్యాంకు నుంచి "మీకు 2 లక్షల పర్సనల్ లోన్ సిద్ధం" అని వరసగా ఉన్నాయి, దీపావళి శుభాకాంక్షలు ఉన్నాయి. బ్యాలెన్స్ తగ్గింది, నెలలో సరిచేసుకోండి అన్నది ఒక్కటీ లేదు. మా పక్కింటావిడకి కూడా అదే బ్యాంకులో ఖాతా ఉంది. ఆవిడకి 400 తగ్గినందుకు కూడా 300లే కోశారు.

బ్రాడీపేట_ప్లీడరు (గుంటూరు)

మేడం, ఆ ఫోన్ జాగ్రత్త. రీసెట్ చేయించొద్దు, ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చేయొద్దు. లోన్ మెసేజ్ వచ్చిన నంబరుకే హెచ్చరిక మెసేజ్ రాలేదంటే "నంబరు పనిచేయట్లేదు" అని బ్యాంకు తప్పించుకోలేదు. తేదీలు కనిపించేలా స్క్రీన్ ఫొటోలు తీసి ప్రింట్ పెట్టుకోండి. వాటిని సాక్ష్యంగా పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జతచేయాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లు, అదే ఇది. పక్కింటావిడ ఒప్పుకుంటే ఆవిడ స్టేట్‌మెంట్ కాపీ కూడా తీసుకోండి.

పటమట గారికి ఒక మాట. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 5 లక్షల లోపు కేసుకి ఫీజే లేదు. వకీలు తప్పనిసరి కాదు, ఖాతాదారే వాదించుకోవచ్చు. విజయవాడలోనూ ఉంది, గుంటూరులోనూ ఉంది. 2019 చట్టం వచ్చాక బ్యాంకు హెడాఫీసు ముంబైలో ఉన్నా, మనం ఉంటున్న ఊళ్లోనే కేసు వేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా దాఖలు చేయొచ్చు.

ఇప్పుడు అసలు విషయం. ఇది నేను ప్రతి క్లయింటుకీ చెప్తాను, ఇక్కడా గట్టిగా చెప్తున్నాను. "చార్జీ చాలా ఎక్కువ, అన్యాయం" అని మాత్రమే రాసుకుని వెళ్లొద్దు. రేటు ఎంత ఉండాలన్న వాదనలో బ్యాంకులదే పైచేయి. క్రెడిట్ కార్డు బకాయి మీద ఏడాదికి 30 శాతానికి మించి వడ్డీ అన్యాయమని జాతీయ కమిషన్ 2008లో చెప్పింది (వినియోగదారుల కమిషన్లలో అన్నిటికంటే పైది అది). ఆ తీర్పుని సుప్రీంకోర్టు 2024 డిసెంబరు 20న కొట్టేసింది. వడ్డీ ఎక్కువైందన్న కారణంతో కోర్టులు బ్యాంకు లావాదేవీల్ని తిరగదోడకూడదని బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలో 21ఏ అనే సెక్షనే ఉంది. అదే మీరు "ఫలానా నియమం ప్రకారం నోటీసు ఇవ్వాలి, ఇవ్వలేదు. ఖాతా మైనస్ కాకూడదు, అయింది" అంటే అది సేవాలోపం. దానికి బ్యాంకు దగ్గర జవాబు ఉండదు.

అలాగే ఫిర్యాదులో "అన్యాయమైన ఒప్పందం" అన్న మాట వాడొద్దు. ఆ రకం కేసు వినే అధికారం జిల్లా కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కి వెళ్లాలి. "సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి" అని రాయండి.

తెనాలి_నుంచి_లీడ్స్

ప్లీడరు గారు చెప్పింది ఇంగ్లండులో అక్షరాలా జరిగింది. మేం ఇక్కడికి వచ్చిన కొత్తలో, 2006, 2007లో, ఖాతాలో డబ్బు లేకుండా చెక్కు వెళ్తే ఒక్కోసారికి ముప్ఫై పౌండ్లకు పైగా కోసేవాళ్లు. జనం వేల సంఖ్యలో కౌంటీ కోర్టుల్లో చిన్న మొత్తాల కేసులు వేశారు. ఆరేళ్ల వెనక్కి లెక్కకట్టి అడిగేవాళ్లు. చాలా బ్యాంకులు విచారణ దాకా రాకుండానే కట్టేసేవి. అప్పుడు అందరికీ ధైర్యం వచ్చింది.

తర్వాత 2007 జులైలో ఇక్కడ వినియోగదారుల తరఫున చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ ట్రేడింగ్ ఆఫీసు, బ్యాంకులు కలిసి ఒక టెస్ట్ కేసుకి, అంటే అందరికీ దారి చూపే నమూనా కేసుకి వెళ్లాయి. మిగతా కేసులన్నీ ఆగిపోయాయి. 2009 నవంబరు 25న ఇక్కడి సుప్రీంకోర్టు, ఆ చార్జీలు బ్యాంకు సేవలకి కట్టే ధరలో భాగమేనని, ఆ ధర సరైనదా కాదా అన్నది అన్యాయమైన ఒప్పంద షరతుల నియమాల కింద చూడలేమని చెప్పింది. ఎదురుచూస్తున్న వాళ్లంతా నీరుగారిపోయారు. చివరికి మార్పు తెచ్చింది నియంత్రణ సంస్థ. 2020 ఏప్రిల్ నుంచి ముందస్తు ఒప్పందం లేని ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో ఉన్నదానికంటే ఎక్కువ వాడుకోవడం) మీద ఇంత అని ఫిక్స్‌డ్ చార్జీ వేయడం నిషేధించారు, ఏడాది వడ్డీ రేటు మాత్రమే ఉండాలన్నారు.

మన దగ్గర ఖాతా మైనస్ చేయకూడదన్న రూలు 2015 నుంచే ఉంది కదా. ఆ బలం అప్పట్లో వీళ్లకి లేదు. వాడుకోండి.

ఆటోనగర్_మెకానిక్ (విజయవాడ)

నా సంగతి చెప్తాను. బండి లోన్ వాయిదా ఒక నెల ఖాతాలో డబ్బు లేక తిరిగిపోయింది. నిజమే, జరిమానా కడతాను. కానీ ఒకే వాయిదాని ఆ నెలలోనే మళ్లీ మళ్లీ పెట్టి, తిరిగిపోయిన ప్రతిసారీ 590 వేశారు. ఇటు ఖాతా ఉన్న బ్యాంకు, అటు లోన్ ఇచ్చిన కంపెనీ, ఇద్దరూ. బ్రాంచి చుట్టూ తిరిగి విసిగిపోయి కమిషన్‌లో వేశాను. తెలుగులోనే రాశాను, తీసుకున్నారు.

నోటీసు వెళ్లాక ఒకరోజు వాళ్ల వకీలు వరండాలో నన్ను పక్కకి పిలిచి, "ఎంత అనుకుంటున్నారు?" అన్నాడు. అదనంగా వేసినవన్నీ, ఖర్చులూ ఇచ్చి రాజీ అయ్యారు. రాజీ కాగితం కమిషన్‌లోనే రికార్డు చేయించాను, బయట చేతికి తీసుకోలేదు. అన్నా, మనం అడగం అని వాళ్ల ధీమా. అడిగితే దిగొస్తారు.

మిర్చియార్డు (గుంటూరు)

అందరికీ అలా జరగదు తమ్ముడూ. నాది యార్డులో కమీషన్ వ్యాపారం. క్యాష్ క్రెడిట్ లిమిట్ (వ్యాపారానికి కావాల్సినప్పుడు తీసుకుని కట్టుకునే అప్పు) వేరే బ్యాంకుకి మార్చుకుంటానంటే ముందస్తు చెల్లింపు చార్జీ అని లిమిట్ మొత్తం మీద శాతం వేసి గుంజారు. కమిషన్‌కి వెళ్తే "ఇది వ్యాపార అవసరం, మీరు వినియోగదారు కాదు" అని బ్యాంకు వాదించింది, కేసు నిలబడలేదు. సీజన్‌లో పెట్టుబడికి ఉండాల్సిన డబ్బు అలా పోయింది. ఆ కడుపుమంట ఇంకా తగ్గలేదు.

బ్రాడీపేట_ప్లీడరు

మీ బాధ అర్థమవుతోంది అన్నయ్యా. 2022లో సుప్రీంకోర్టు ఒక షేర్ బ్రోకర్ ఓవర్‌డ్రాఫ్ట్ కేసులో ఇదే మాట చెప్పింది, అప్పటి నుంచి బ్యాంకులు దాన్నే చూపిస్తున్నాయి. సొంతంగా పనిచేసుకుంటూ కేవలం బతుకుతెరువు కోసం తీసుకున్న సేవ అయితే చట్టంలో మినహాయింపు ఉంది. ఆటోనగర్ తమ్ముడిలాంటి వాళ్లకి అది పనికొస్తుంది, పెద్ద లిమిట్ ఉన్న వ్యాపారికి కష్టం. కానీ బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ దగ్గర ఈ "వినియోగదారు" అడ్డంకి లేదు, వ్యాపార ఖాతా ఉన్నవాళ్లూ ఫిర్యాదు చేయొచ్చు.

ఇంకో మంచి మార్పు వచ్చింది. వ్యక్తులకీ, సూక్ష్మ, చిన్న సంస్థలకీ వ్యాపారం కోసం ఇచ్చే ఫ్లోటింగ్ రేటు (వడ్డీ మారుతూ ఉండే) అప్పుల మీద బ్యాంకులు ముందస్తు చెల్లింపు చార్జీ వేయకూడదని 2025 జులైలో ఆదేశాలు ఇచ్చారు. 2026 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మంజూరైన, రెన్యువల్ అయిన అప్పులకి వర్తిస్తుంది. మీ లిమిట్ ఏటా రెన్యువల్ అవుతుంది కాబట్టి ఆ తేదీ చూసుకోండి. వ్యక్తుల ఇంటి రుణాలకి ఈ రక్షణ 2012 నుంచే ఉంది.

డ్వాక్రా_లీడర్ (మంగళగిరి)

మా గ్రూపు లోన్‌లో ఇన్‌స్పెక్షన్ చార్జీ, డాక్యుమెంట్ చార్జీ అని రాస్తున్నారు. ఇవి కూడా అడగొచ్చా మాస్టారూ?

రిటైర్డ్_క్యాషియర్

అడగొచ్చు తల్లీ. ప్రాధాన్యతా రంగం (వ్యవసాయం, చిన్న వ్యాపారాల్లాంటివి) కింద ఇచ్చే చిన్న అప్పులకి సర్వీసు చార్జీలు, ఇన్‌స్పెక్షన్ చార్జీలు వేయకూడదు. పరిమితి ఇదివరకు 25,000 ఉండేది, 2025 ఏప్రిల్ నుంచి 50,000 చేశారు. పొదుపు సంఘాలకి ఈ పరిమితిని గ్రూపు మొత్తానికి కాదు, సభ్యురాలికి ఇంత అని చూడాలి. పది మంది ఉన్న గ్రూపుకి 4 లక్షలు ఇస్తే తలకి 40,000 అవుతుంది, పరిమితి లోపలే. ఈ సంగతి కొంతమంది మేనేజర్లకి కూడా గుర్తుండదు. లీడర్‌గా మీరు లెక్క రాసి చూపించండి.

లబ్బీపేట_రవాణా

ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కట్ అయితే? నాకు నెల దాటాక వేశారు, అంతే.

రిటైర్డ్_క్యాషియర్

లావాదేవీ జరిగిన రోజు నుంచి అయిదు రోజుల్లో వాళ్లంతట వాళ్లే తిరిగి వేయాలి. ఆ పైన ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయలు, మీరు అడగకపోయినా జమ చేయాలి. 2019 సెప్టెంబరు సర్క్యులర్. ఇరవై రోజులు ఆలస్యమైతే 2,000. ఒక ఉత్తరం రాయండి బాబూ, ఇది గట్టిగా అడగాల్సిన డబ్బు.

పటమట_వాసి

నేను మొదట అన్నమాట వెనక్కి తీసుకోను గానీ, ఫీజు లేదన్న సంగతి మాత్రం కొత్తగా తెలిసింది. అయితే అంబుడ్స్‌మన్‌కి వెళ్లాలా, కమిషన్‌కా? రెండూ ఒకేసారి వేసేస్తే త్వరగా అవుతుందిగా?

బ్రాడీపేట_ప్లీడరు

ఒకేసారి వద్దు. కోర్టులో, కమిషన్‌లో నడుస్తున్న విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా అంబుడ్స్‌మన్‌కి వెళ్లొచ్చు. అక్కడా ఫీజు లేదు, రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో వేయొచ్చు, సందేహాలుంటే 14448కి ఫోన్ చేయొచ్చు. అక్కడా గడువు ఉంటుంది, బ్యాంకు జవాబు వచ్చాక ఆలస్యం చేయకుండా వెళ్లాలి. అక్కడ తేలకపోతే కమిషన్ తలుపు తెరిచే ఉంటుంది.

చాలామంది దెబ్బతినేది గడువు దగ్గర. కమిషన్‌కి రెండేళ్ల గడువు. అంబుడ్స్‌మన్ దగ్గర ఫిర్యాదు నడుస్తోంది కదా అని ఆ గడియారం ఆగదు. మేడం విషయంలో డబ్బు నిజంగా చేతిలోంచి పోయింది తమ్ముడు పంపిన 20,000 లోంచి కోసిన రోజున. 2,898కి గడువు ఆ రోజు నుంచి లెక్క అని వాదించొచ్చు. మొదట కోసిన 642 పాతది, దానికి ఆలస్యాన్ని మన్నించమని విడిగా దరఖాస్తు పెట్టాలి. నోటీసే ఇవ్వలేదు కాబట్టి తెలియలేదన్నది బలమైన కారణం.

కృష్ణలంక_అమ్మాయి

బ్యాంకుకి ఇవ్వడానికి ఈ ఉత్తరం రాశాను. ఎవరైనా చూసి సరిచేయండి.

"బ్రాంచి మేనేజర్ గారికి. నా సేవింగ్స్ ఖాతాలో కనీస నిల్వ లేదన్న కారణంతో పది విడతలుగా 3,540 రూపాయలు కోశారు. కోతకు ముందు నాకు ఎలాంటి నోటీసూ, నెల రోజుల గడువూ ఇవ్వలేదు. ఎంత తగ్గిందన్నది చూడకుండా ప్రతిసారీ ఒకే మొత్తం వేశారు. ఈ చార్జీల వల్లే నా ఖాతా మైనస్ 2,898కి వెళ్లింది. ఇవి రిజర్వ్ బ్యాంకు 20.11.2014 నాటి ఆదేశాలకు విరుద్ధం. మొత్తం సొమ్ము జీఎస్టీతో సహా తిరిగి జమ చేయండి. నోటీసు పంపామని మీరంటే, ఏ తేదీన, ఏ నంబరుకు పంపారో రికార్డు ఇవ్వండి."

రిటైర్డ్_క్యాషియర్

చాలా బాగుంది. చివరి వాక్యం తీయొద్దు, దానికి జవాబు చెప్పలేకే వాళ్లు కూర్చుంటారు. పది కోతల తేదీలూ, ప్రతి కోత తర్వాత మిగిలిన నిల్వా ఒక పట్టికగా వెనక జతచేయండి. చివరి రెండు కోతల దగ్గర "ఖాతా ఇనాపరేటివ్" అని రాయండి. అమ్మగారి సంతకం ఉండాలి, మీది కాదు. రెండు కాపీలు పట్టుకెళ్లి ఒకదాని మీద సీలు, తేదీ వేయించుకోండి. వాళ్లు వేయబోమంటే గొడవపడొద్దు, స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఫిర్యాదులు చూసే బ్యాంకు నోడల్ అధికారికి మెయిల్‌లో కూడా ఒక కాపీ పంపండి.

కృష్ణలంక_అమ్మాయి

జవాబు వచ్చింది. "సౌహార్దంగా" చివరి నాలుగు విడతలు, 1,416 రూపాయలు తిరిగి ఇస్తారట. ఇక ఎలాంటి క్లెయిమ్ లేదని అమ్మ సంతకం పెట్టాలట. నోటీసు రికార్డు గురించి ఒక్క ముక్క లేదు. అమ్మ "వచ్చింది తీసుకుందాంలే" అంటోంది. నాకు మాత్రం ఒప్పుకోబుద్ధి కావట్లేదు.

బ్రాడీపేట_ప్లీడరు

ఆ కాగితం మీద సంతకం పెట్టించొద్దు. డబ్బు వాళ్లే ఖాతాలో వేస్తే వేయనివ్వండి, "పాక్షిక చెల్లింపుగా మాత్రమే స్వీకరిస్తున్నాం, మిగతా 2,124 మీద మా హక్కు అలాగే ఉంది" అని తిరుగు మెయిల్ ఇవ్వండి. వాళ్లు నాలుగు విడతలు ఇస్తామన్న ఆ జవాబే మీకు సాక్ష్యం. అన్ని కోతలూ ఒకే పద్ధతిలో వేసినప్పుడు నాలుగిటికి వర్తించిన న్యాయం మిగతా ఆరిటికి ఎందుకు వర్తించదని అడగండి.

ఆటోనగర్_మెకానిక్

అక్కా, వదలొద్దు. కమిషన్‌కి వెళ్లే రోజు చెప్పండి, కాగితాలు ఏ వరసలో పెట్టాలో, ఏ కిటికీ దగ్గర ఇవ్వాలో నేను వచ్చి చూపిస్తాను.

కృష్ణలంక_అమ్మాయి

అమ్మకి అన్నీ చదివి వినిపించాను. "మైనస్ చేయకూడదని రాసుందా? నిజంగా రాసుందా?" అని రెండుసార్లు అడిగింది. రాసుందంటే, "అయితే మొత్తం ఇవ్వాల్సిందే" అంది. పాక్షిక చెల్లింపు మెయిల్ పంపేశాం. సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు వేశాం, ఫిర్యాదు నంబరు వచ్చింది. స్టేట్‌మెంట్, పట్టిక, ఫోన్ ఫొటోలు, బ్యాంకు జవాబు అన్నీ ఎక్కించాను. కమిషన్ గడువు తేదీని క్యాలెండర్‌లో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. ఏం జరిగినా ఇక్కడే రాస్తాను.

రిటైర్డ్_క్యాషియర్

శుభం తల్లీ. పోర్టల్ నుంచి అదనపు పత్రాలు అడుగుతూ మెసేజ్ వస్తే గడువులోగా పంపండి, లేకపోతే ఫైలు మూసేస్తారు. పక్కింటావిడని కూడా ఉత్తరం రాయమనండి. పేర్లు, అంకెలు మారిస్తే మీ ఉత్తరమే సరిపోతుంది.